ప్లాన్ మార్చే ముందు స్పీడు ఎక్కడ ఆగుతోందో చూడండి

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 94 దాకా వచ్చేది. 200 ప్లాన్‌కి మారి రెండు నెలలైంది. ఇప్పటికీ అదే 94. కంపెనీవాళ్లు లైన్ బాగానే ఉందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: లైన్ నిజంగానే బాగుండి ఉండొచ్చు. మీరు రాసిన 94 అంకెలోనే ఆచూకీ ఉంది. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ (కేబుల్) లింకులో, ప్రతి డేటా ముక్కకు తగిలించే చిరునామా వివరాలకు (ప్యాకెట్ హెడర్లకు) పోయేది పోగా మనకు మిగిలేది 94, 95. ప్లాన్ రెట్టింపైనా అంకె కదలలేదంటే దారిలో ఎక్కడో ఒక లింకు 1000కి బదులు 100 దగ్గర కుదిరిందన్నమాట.

ముందు రౌటర్ వెనక పోర్టుల సంగతి చూడండి. అట్టపెట్టె మీద వైఫై 1200 అని పెద్దక్షరాల్లో ఉన్నా, పోర్టులు 10/100 రకమైతే కేబుల్ దారిలో 100 దాటదు. అలాంటి రౌటర్ పెట్టుకుని 200 ప్లాన్‌కి కట్టడం దండగ. పోర్టు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రకమే అయితే కేబుల్‌ని అనుమానించాలి. 100కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా, కనెక్టర్ నొక్కినప్పుడు సరిగా కూర్చోకపోయినా సాధారణంగా నెట్ ఆగిపోదు, చడీచప్పుడూ లేకుండా 100కి దిగిపోతుంది. నెలల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి కారణం అదే.

ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే చిన్న పెట్టెకీ (ఓఎన్‌టీ), రౌటర్‌కీ మధ్య ఉన్న కేబుల్‌ని మొదట మార్చండి. క్యాట్ 5ఈ రకం కేబుల్ సరిపోతుంది. తర్వాత రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 1000/1000 అని ఉందో లేదో చూడండి. ఉంటేనే స్పీడ్ టెస్ట్ చేయండి. ఇవన్నీ సరిగా ఉండీ 94 దగ్గరే నిలిస్తే, ఓఎన్‌టీ పోర్టే 100 రకమైనా కావాలి, కంపెనీ మీ ఖాతాలో స్పీడు మార్చడం మరిచిపోయైనా ఉండాలి. అప్పుడు కేబుల్ మీద చేసిన టెస్ట్ ఫలితంతో ఫిర్యాదు చేయండి. వైఫై మీద తీసిన అంకెలు చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు, వాటిలో గోడల వంతు కూడా కలిసి ఉంటుంది.

ప్రశ్న: పొద్దున బాగుంటుంది, రాత్రి తొమ్మిదికి వీడియోలు ఆగి ఆగి వస్తాయి. పెద్ద ప్లాన్ తీసుకుంటే పోతుందా?

జవాబు: చాలాసార్లు పోదు. ఫైబర్ కనెక్షన్లలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి వచ్చే ఫైబర్‌ని స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. కిందికి వచ్చే మొత్తం సామర్థ్యం 2.488 గిగాబిట్లు. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా లాగితే తలా 78 మెగాబిట్లు కూడా రావు. అయినా అందరికీ 200 అమ్ముతారు, ఎందుకంటే అందరూ ఒకే క్షణంలో లాగరు. ఇందులో మోసం లేదు. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ చవగ్గా దొరకడానికి మూలం ఈ పంపకమే. ఎవరితోనూ పంచుకోని లీజు లైన్ ధర ఎన్నో రెట్లు ఉండేదీ ఇందుకే. తప్పు ఎక్కడంటే, కనెక్షన్లు పెరిగినా పోర్టులూ, అక్కడి నుంచి బయటికి వెళ్లే లింకులూ పెంచకపోవడంలో. ఆ ఇరుకులో మీరు 500 ప్లాన్ కొన్నా రాత్రి వచ్చేది దాదాపు అంతే.

మూడు రోజులు పొద్దున ఆరింటికీ, రాత్రి తొమ్మిదింటికీ కేబుల్ మీద స్పీడు కొలిచి రాసుకోండి. రాత్రి సగానికి పడితే లోపం కంపెనీ వైపు. కేబుల్ మీద బాగుండి వైఫై మీదే పడితే పక్కింటి రౌటర్లతో గొడవ. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఇక స్పీడు సరిగానే ఉండి, ఎవరో ఫొటోలు అప్‌లోడ్ చేసినప్పుడల్లా కాల్స్ తెగుతుంటే రౌటర్‌లో బయటికి వెళ్లాల్సిన డేటా వరుస (క్యూ) నిండిపోతోంది. ఆ వరుసను అదుపులో ఉంచే ఎస్‌క్యూఎం సౌకర్యం రౌటర్‌లో ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దును అసలు స్పీడులో 85 నుంచి 90 శాతంగా పెట్టండి.

ప్రశ్న: ఫైబర్ తీసేసి 5జీ హోమ్ వైర్‌లెస్ పెట్టుకోమంటున్నారు. నెలవారీ ఖర్చు తక్కువ.

జవాబు: ఫైబర్ బాగా పనిచేస్తుంటే తీయకండి. ఫైబర్ రాని చోట 5జీ మంచి ఆసరా. రెండింటి ఖర్చూ వేరేలా పెరుగుతుంది. ఫైబర్‌కి తవ్వకం ఒక్కసారే. రెండు చివర్లా పరికరాలు మారిస్తే అదే తీగ మీద జీపాన్ తర్వాతి తరమైన ఎక్స్‌జీఎస్ పాన్‌తో 10 గిగాబిట్లు నడుస్తాయి. గాలిలో స్పెక్ట్రమ్‌ని అలా పెంచలేరు. టవర్ ఒక వైపున చూసే ప్రాంతంలో (సెక్టార్) ఉన్నంతలోనే ఫోన్లూ ఇళ్లూ పంచుకోవాలి. అందుకే ఈ ప్లాన్లలో తరచూ ఎఫ్‌యూపీ (ఇంత డేటా దాటితే స్పీడు తగ్గించే హద్దు) గట్టిగా ఉంటుంది. 25 ఎంబీపీఎస్ 4కే వీడియో గంటకు 11 జీబీ పైగా తింటుంది, మీ వాడకం లెక్క వేసుకోండి.

పెట్టుకునేటప్పుడు పరికరం పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టమో) చూడండి. మొదటిది మైనస్ 80 దగ్గరుంటే మంచిది, మైనస్ 110 కంటే దిగితే కష్టం. రెండోది 20 దాటితే బాగు, సున్నాకి చేరితే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా స్పీడు రాదు. వేడి ఆపే పూత ఉన్న కిటికీ అద్దాలు సిగ్నల్‌ని బాగా తగ్గిస్తాయి. యాంటెనా బయట బిగించే రకమే అడగండి.

ప్రశ్న: ఫోన్‌లో 5జీ గుర్తు కనిపిస్తుంది, స్పీడు 4జీలాగే ఉంది. ఎందుకు?

జవాబు: ఎన్‌ఎస్‌ఏ (4జీ మీద ఆధారపడే) రకం 5జీలో ఫోన్ మొదట 4జీ టవర్‌నే పట్టుకుంటుంది, 5జీ దానికి అదనపు దారి. డేటా నడవకపోయినా 5జీ చేరువలో ఉంటే చాలు, కొన్ని ఫోన్లు గుర్తు చూపిస్తాయి. పైగా 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్ దూరం పోతుంది గానీ వెడల్పు తక్కువ. అసలు వేగం 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండ్లలో ఉంది. ఫోన్ కొనేటప్పుడు మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు అందులో ఉన్నాయో లేదో, ఎస్‌ఏ (4జీ ఆసరా లేకుండా నడిచే 5జీ) పనిచేస్తుందో లేదో చూడండి.

ప్రశ్న: 28 రోజుల ప్లాన్ నెల ప్లాన్ కంటే చవగ్గా కనిపిస్తోంది. నిజమేనా?

జవాబు: ధరని రోజులతో భాగించి చూడండి. 28 రోజులదైతే ఏడాదికి 13 సార్లు కట్టాలి. బ్రాడ్‌బ్యాండ్‌కైతే 24 నెలల మొత్తం వేయండి: బిగింపు ఖర్చు, రౌటర్ అద్దె, ఆఫర్ ముగిశాక వచ్చే అసలు ధర, అన్నీ కలిపి.