పగ్గాల మీద వేలాడకు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నలభై దాటాక గుర్రపు స్వారీ క్లాసులో చేరానని రాశావు. చాలా సంతోషం. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వారానికి ఒక్క క్లాసుతో ఏం వస్తుందని అడిగావు. తప్పకుండా వస్తుంది, వరస తప్పకుండా నేర్చుకుంటే చాలు. పిల్లలు పడుతూ లేస్తూ ఒంటితోనే నేర్చేసుకుంటారు. పెద్దవాళ్ళ ఒళ్ళు అంత తొందరగా మాట వినదు గానీ, ఏది ఎందుకో తెలిస్తే పట్టుదలగా చేస్తారు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. బ్యాలెన్స్ కోసం పగ్గాలు పట్టుకోవడం అలవాటు చేసుకోకు. నీ చేతిలో ఉన్న పగ్గం అవతలి కొస గుర్రం నోట్లోని బిట్‌కి, అంటే నోట్లో అడ్డంగా ఉండే కడ్డీకి, తగిలించి ఉంటుంది. ఆ బిట్ నాలుక మీద, పళ్ళు లేని చిగురు మీద ఆనుతుంది. నువ్వు తూలిన ప్రతిసారీ పగ్గం పట్టి నిలదొక్కుకుంటే ఆ కుదుపంతా దాని నోటికే తగులుతుంది. కొన్నాళ్ళకి అది తల విదిలించడం, నోరు తెరవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఎంత లాగినా పట్టించుకోదు. రౌతు కొద్దీ గుర్రం అన్నారు కదా, నోరు మొద్దుబారిన గుర్రం వెనక చేతులు కుదురులేని రౌతులే ఉంటారు. నువ్వు జీను మీద నడుముతో, తొడలతో నిలదొక్కుకోగలిగిన రోజు నీ చేతులకి స్వేచ్ఛ వస్తుంది. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ రోజు త్వరగా రావడానికే.

సామాన్ల గురించి క్లుప్తంగా. హెల్మెట్ స్వారీ కోసం తయారైనదే ఉండాలి, సైకిల్‌ది పనికిరాదు. కనుబొమల పైన ఒకటి రెండు వేళ్ళ వెడల్పు ఎత్తులో, అడ్డంగా నిలబడాలి. పట్టీ పెట్టకుండా తల ఆడిస్తే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగానే కనబడినా మార్చేయాల్సిందే, లోపలి పొర ఒకసారి నలిగితే మళ్ళీ దెబ్బని ఆపలేదు. బూటుకి రెండు సెంటీమీటర్ల మడమ, నునుపు అడుగు ఉండాలి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే వలయంలోంచి, అవతలికి జారిపోతుంది, పడినప్పుడు కాలు చిక్కుకుంటే గుర్రం ఈడ్చుకెళ్తుంది. రికాబు కూడా బూటు కంటే ఇంచి వెడల్పు ఉండాలి. ప్యాంటుకి తొడల లోపలివైపు మందపాటి కుట్లు ఉండకూడదు. ఇవి సరిపోతాయి, మిగతావి మెల్లగా కొనుక్కోవచ్చు.

క్లాసుకి అరగంట ముందే వెళ్ళు. గుర్రాన్ని సిద్ధం చేసి ఇచ్చేస్తే ఎక్కి కూర్చునే అలవాటు మంచిది కాదు. నేల మీద గుర్రంతో గడిపిన సమయమే పైన భయాన్ని తగ్గిస్తుంది. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ చాలావరకూ చూస్తుంది, కానీ నుదుటికి ఎదురుగా అతి దగ్గర్లో, తోక వెనక సూటిగా ఉన్నది దానికి కనబడదు. అందుకే మాట్లాడుతూ, ఎడమ భుజం వైపు నుంచి వెళ్ళాలి. వెనక నుంచి దాటాలంటే చెయ్యి దాని పిరుదు మీద ఆనించి ఒంటికి అంటుకుని వెళ్ళు, లేదా కాళ్ళకి అందనంత దూరంగా తిరిగి వెళ్ళు. మధ్య దూరమే ప్రమాదం, తన్ను పూర్తి బలంతో తగిలేది అక్కడే. తాడుని చేతికి ఎప్పుడూ చుట్టుకోకు, మడతలు పెట్టి పట్టుకో.

ముందు రబ్బరు దువ్వెనతో గుండ్రంగా రుద్ది మట్టి, రాలిన వెంట్రుకలు పైకి తేవాలి, తర్వాత గట్టి బ్రష్‌తో దులపాలి. ముఖం మీద, మోకాళ్ళ కింద ఎముకల మీద రబ్బరు దువ్వెన వాడకు. జీను ఆనే చోట, దాన్ని బిగించే పొట్టపట్టీ వచ్చే చోట చేత్తో తడిమి చూడు. ఎండిన మట్టి గడ్డ ఒక్కటి మిగిలినా ఒరుసుకుని పుండు కావచ్చు. డెక్క శుభ్రం చేసేటప్పుడు దాని తోక వైపు తిరిగి నిలబడి, భుజం నుంచి కాలి వెంట చెయ్యి దింపుతూ కాలు అడుగు. పిక్‌ని, అంటే డెక్క గీకే కొక్కేన్ని, మడమ వైపు నుంచి ముందుకి లాగాలి. డెక్క అడుగున త్రికోణంలా మెత్తగా ఉండే భాగాన్ని పొడవకు, దాని పక్కల గాడుల్లోనే రాళ్ళు ఇరుక్కుంటాయి. అక్కడ నల్లగా మెత్తబడి, చెడ్డ వాసన వస్తుంటే కుళ్ళు పట్టిందని అర్థం, వెంటనే టీచర్‌కి చూపించు.

జీను విషయంలో కాస్త నిదానించు, కొత్తవాళ్ళు ఎక్కువ పొరబడేది ఇక్కడే. లోపలి గుడ్డని మూపు మీద కొంచెం ముందుగా వేసి, వెంట్రుకలు వాలిన దిక్కుకే వెనక్కి జరపాలి. ఎదురు దిక్కుకి జరిపితే వెంట్రుకలు ముడుచుకుని ఒరిపిడి పెడతాయి. జీనుకీ అదే పద్ధతి. జీను ముందు భాగం కింద గుడ్డని పైకి ఎత్తి, మూపు మీద నొక్కకుండా గాలి ఆడేలా చెయ్యి. పొట్టపట్టీ గుర్రం ముందుకాలి మోచేతికి అరచెయ్యి వెడల్పు వెనకగా రావాలి. ఒక్కసారే బిగించకు. మొదట జారిపోనంత వదులుగా పెట్టు, ఓ నాలుగడుగులు నడిపించి ఒక రంధ్రం బిగించు, ఎక్కబోయే ముందు మళ్ళీ ఒకటి. చాలా గుర్రాలు బిగించేటప్పుడు ఛాతీ ఉబ్బించి బిగుసుకుంటాయి. ఆ క్షణంలో గట్టిగా ఉందని వదిలేస్తే నడిచాక పట్టీ వదులై, ఎక్కేటప్పుడు జీను పక్కకి తిరిగిపోతుంది. బిగించాక ముందు కాళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా ముందుకి సాగదీస్తే పట్టీ కింద మడతపడ్డ చర్మం సర్దుకుంటుంది. ఎక్కిన ఐదు నిమిషాల నడక తర్వాత ఇంకోసారి చూడటం మరిచిపోవద్దు.

కళ్ళెం పెట్టాక బిట్ దగ్గర నోటి మూలలో ఒకటో రెండో మడతలు పడాలి. ముక్కు పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, గొంతు పట్టీ కింద నాలుగు వేళ్ళు నిలువుగా పట్టాలి. బిట్ చల్లగా ఉంటే అరచేతిలో కాసేపు పట్టుకుని పెట్టు.

రికాబు పొడవు ఎక్కకముందే సుమారుగా తెలుసుకోవచ్చు. వేళ్ళ కొసలు జీనుకి తోలు పట్టీ తగిలే చోట ఆనించి, రికాబుని చాచిన చేతి వెంట తెస్తే అది చంక దగ్గరికి రావాలి. ఎక్కడానికి తప్పకుండా మెట్టు వాడు. నేల మీంచి ఎక్కితే బరువంతా ఒక పక్కే పడి జీను మెలిపడుతుంది, గుర్రం వెన్నుకి నొప్పి. పగ్గాలు ఎడమ చేతిలో పట్టుకో, ఎడమ పాదం పెట్టినప్పుడు బొటనవేలు దాని పక్కటెముకల్లో గుచ్చకు, లేచాక కుడికాలు పిరుదుకి తగలకుండా తిప్పి మెత్తగా కూర్చో. దబ్బున కూలబడకు.

కూర్చున్నాక పిరుదుల కింద రెండు ఎముకలు జీనుకి సమానంగా ఆనుతున్నాయేమో చూసుకో. పక్క నుంచి చూసేవాళ్ళకి చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో కనబడాలి. మోచెయ్యి నుంచి బిట్ వరకూ ఇంకో గీత. పగ్గం ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య నుంచి వచ్చి బొటనవేలి కింద నుంచి పోవాలి, బొటనవేళ్ళు పైకి. మడమ కిందికి దిగాలంటారు గానీ తోసి దింపకు. తోస్తే చీలమండ బిగుసుకుని కాలు ముందుకి పోతుంది. బరువుని వదిలేస్తే అదే దిగుతుంది. మోకాళ్ళతో జీనుని నొక్కి పట్టుకునే కోరిక అందరికీ కలుగుతుంది. నొక్కినకొద్దీ ఒళ్ళు పైకి జారుతుంది, పిండితే సబ్బు చేతిలోంచి జారినట్టు.

నీ టీచర్‌ని అడిగి మొదటి కొన్ని క్లాసులు పొడవు తాడు మీద చేయించుకో. టీచర్ మధ్యలో నిలబడి తాడు పట్టుకుంటే గుర్రం గుండ్రంగా తిరుగుతుంది, దాన్ని నడిపే బాధ్యత నీకుండదు. పగ్గాలు వదిలి చేతులు పక్కకి చాపు, భుజాలు తిప్పు, తర్వాత రికాబులు కూడా తీసి నడకలో కూర్చో. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుందని చాలామంది పెద్దవాళ్ళు దీన్ని దాటేస్తారు. నా దృష్టిలో దీన్ని మించిన పాఠం లేదు.

ఇక ట్రాట్, అంటే నడక కంటే వేగమైన చిన్న పరుగు. నడకలో డెక్కలు నేలకి తగిలే దెబ్బలు నాలుగు, ట్రాట్‌లో రెండే. ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి, అందుకే కుదుపు ఎక్కువ. ఒక దెబ్బకి లేచి, ఒక దెబ్బకి కూర్చునే పద్ధతి నేర్పుతారు. పాదాల మీద నిలబడి నిట్టనిలువుగా పైకి లేవకు, గుర్రమే ఎగరేస్తుంది. నువ్వు తుంటిని కాస్త ముందుకి, జీను ముందు భాగం వైపు పోనిస్తే చాలు, ఎత్తు రెండంగుళాలు కూడా అక్కర్లేదు. పైకి గెంతితే కిందకి దబ్బున పడతావు, చేతులు ఎగురుతాయి, ఆ దెబ్బ మళ్ళీ దాని నోటికే. చేతులు నిలవకపోతే చిటికెన వేళ్ళతో మెడ పట్టీ పట్టుకో, లేకపోతే కాస్త జూలు పట్టుకో, సిగ్గుపడాల్సిన పనిలేదు. గుండ్రంగా తిరిగేటప్పుడు బయటివైపు భుజం ముందుకి వెళ్ళగానే లేవాలి. అప్పుడు లోపలి వెనక కాలు నేల మీద ఉండి బరువు మోసే క్షణంలో నువ్వు కూర్చుంటావు, మలుపులో దానికి తేలిక. తప్పు లయలో పడితే వరసగా రెండు దెబ్బలు కూర్చుని లే, సరిపోతుంది. భుజాన్ని చూడటానికి తల దించకు, కళ్ళు మాత్రమే దించు. తల వంగితే వీపు వంగుతుంది, బరువు ముందుకి పోతుంది.

భయం గురించి నువ్వు రాయలేదు గానీ ఉంటుందని తెలుసు. భయపడ్డప్పుడు మొదట ఆగేది ఊపిరి. ఊపిరి బిగబడితే తుంటి బిగుసుకుంటుంది, కుదుపు పెరుగుతుంది, దాంతో ఇంకా భయం. దీనికి పైకి వినబడేలా లెక్కపెట్టడం మంచి ఉపాయం, మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేదు. ఆగని గుర్రం మీద రెండు పగ్గాలూ ఒక్కసారే లాగి పట్టుకోవద్దు, అది వాటి మీద బరువు వేసి ఇంకా లాగుతుంది. ఒక పగ్గం కురచ చేసి, పెద్ద గుండ్రం నుంచి చిన్న గుండ్రంలోకి మెల్లగా తిప్పు. వేగంలో ఒక్కసారే గట్టిగా తిప్పితే అది కాలు తప్పి పడొచ్చు. రెండు రికాబులూ వదిలి, ముందుకి వంగి, మోకాళ్ళు వంచి అత్యవసరంగా దిగే పద్ధతిని నిలబడ్డ గుర్రం మీద, తర్వాత నడకలో, టీచర్ పక్కనుండగా ప్రతి నెలా చెయ్యి. పడితే పగ్గాలు వదిలేసి గుర్రానికి దూరంగా దొర్లు. తలకి తగిలితే బాగానే ఉన్నానని వెంటనే మళ్ళీ ఎక్కడం వద్దు. ఆ రోజుకి ఆపి, డాక్టర్‌కి చూపించుకో.

మైదానంలో ఇతరులుంటే ఎదురొచ్చే వాళ్ళని ఎడమ చెయ్యికి ఎడమ చెయ్యి వచ్చేలా దాటడం చాలాచోట్ల నియమం. గుర్రాన్ని నడకలో నడిపేవాళ్ళు లోపలి దారిలో ఉండి, వేగంగా వెళ్ళేవాళ్ళకి గోడ పక్క దారి వదులుతారు. ముందున్న గుర్రానికి కనీసం ఒక గుర్రం పొడవు దూరం ఉంచు. చెవులు వెనక్కి అతుక్కుపోతే ఇంకా దూరం. తోకకి ఎర్ర రిబ్బను ఉంటే అది తన్నే గుర్రమని గుర్తు.

మర్నాడు తొడల లోపలివైపు, నడుము కింద నొప్పి మామూలే, రెండు రోజుల్లో తగ్గుతుంది. మోకాలిలో పొడిచినట్టు నొప్పి, పాదం తిమ్మిరి మాత్రం మామూలు కాదు. సాధారణంగా రికాబు మరీ పొట్టిగా ఉండటమో, కాలు మెలిపెట్టి పెట్టడమో కారణం. ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు కిందికి దింపు. ఒక మోకాలు నేల మీద ఆనించి తుంటి ముందు భాగం అరనిమిషం సాగదియ్యి. ఒంటికాలి మీద, గోడ దగ్గరగా, కళ్ళు మూసుకుని నిలబడు.

స్వారీ అయిపోయాక ఓ పది నిమిషాలు పగ్గాలు వదులు చేసి నడిపించు, ఊపిరి మామూలయ్యే దాకా. దిగగానే రికాబులు పైకి లాగి కట్టు, వేలాడుతుంటే గుమ్మానికో దేనికో తగులుకుంటాయి. పట్టీ ఒకటి రెండు రంధ్రాలు సడలించు. జీను తీశాక వీపు మీద చెమట మచ్చ రెండు పక్కలా సమానంగా ఉందేమో చూడు. చుట్టూ తడిసి మధ్యలో ఒక చోట పొడిగా మిగిలితే అక్కడ జీను నొక్కుతోందని అనుమానించి టీచర్‌కి చూపించాలి. డెక్కలు మళ్ళీ ఒకసారి చూడు.

కాంటర్, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగు, ఎప్పుడని అడిగావు. ట్రాట్‌లో పగ్గాలు ఒక చేతికి మార్చుకుని, రెండో చెయ్యి తొడ మీద పెట్టుకుని, లయ తప్పకుండా మైదానం చుట్టూ రెండు వైపులా తిరిగిరా. గుర్రం తల విదిలించకుండా ఉంటే టీచర్‌ని అడుగు. మొదటిసారి పొడవు తాడు మీదే చేయించమను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న