నెదర్లాండ్స్ ఆఫీసులో తెగని మీటింగులు: నా సమాధానం

"చిన్న నిర్ణయానికి కూడా నాలుగు మీటింగులు, మేనేజరు ఏదీ తేల్చడు, టెన్షన్‌గా ఉంది" అన్నారు కదా. రోటర్‌డామ్ వచ్చిన కొత్తలో నాదీ ఇదే గోల.

కారణం కొంత ఇక్కడి నేలలోనే ఉంది. దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టానికి కిందే. గట్టు ఒకచోట తెగితే ధనవంతుడి పొలమూ పేదవాడి పొలమూ కలిసే మునుగుతాయి. అందుకే 13వ శతాబ్దం నుంచే నీటి బోర్డులు పెట్టుకుని గట్ల పనీ ఖర్చూ పంచుకున్నారు. ఇప్పటికీ అవి 21 ఉన్నాయి, వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. గట్లు కట్టి నీళ్లు తోడేసిన నేలను పోల్డర్ అంటారు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడాన్ని 'పోల్డరెన్' అంటారు! (గోదావరి కాలవ చివరి ఊళ్లలో నీటి వంతుల పంచాయితీ చూసినవాళ్లకి ఇదేం వింత కాదు.) అంతా నీళ్ల వల్లే అనను గానీ, ఆ అలవాటు గట్టిగా పాతుకుంది.

మేనేజరు తీర్పు కోసం ఎదురుచూడకండి. అభ్యంతరం ఉన్నవాళ్లతో ముందే కాఫీ దగ్గర మాట్లాడండి. మీటింగులో మీ మాట సూటిగా చెప్పండి, మౌనంగా ఉంటే ఒప్పుకున్నారనుకుంటారు. అయ్యాక ఎవరు, ఏ పని, ఎప్పటికి అని ఒక మెయిల్ పెట్టండి. నన్ను గట్టెక్కించింది ఆ మెయిలే.