బ్రాడ్‌ఫర్డ్‌లో మ్యాచ్‌కి వెళ్లబోయే మేనల్లుడికి

భీమవరం

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. యూనివర్సిటీలో చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ టికెట్‌కి డబ్బులు దాస్తున్నానన్నావు. దాచుకో, వద్దనను. కాని నీ గది నుంచి నడిచి వెళ్లేంత దూరంలో వ్యాలీ పరేడ్ అని ఒక ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉంది, ఆ ఊరి జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీది. 2003 నుంచి 2019 దాకా అక్కడ కూర్చుని తడిసి, వణికి, తిట్టుకుంటూ ఇంటికొచ్చినవాణ్ని. అందుకని నాలుగు మాటలు చెబుతాను, విను.

బ్రాడ్‌ఫర్డ్ సిటీ జట్టుని బాంటమ్స్ అంటారు. పొట్టి జాతి కోళ్లన్నమాట. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. సంక్రాంతి బరుల ఊరి నుంచి అంత దూరం పోతే అక్కడా పుంజులే! అయితే మన బరి దగ్గర జనమంతా గెలిచే పుంజు చుట్టూ మూగుతారు, ఓడింది సాయంత్రానికి కూరైపోతుంది. అక్కడ అలా కాదు. 1999లో అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కిన జట్టు రెండేళ్లకే కిందికొచ్చింది. 2004లో ఇంకో మెట్టు, 2007లో ఇంకో మెట్టు దిగి నాలుగో డివిజన్‌లో పడింది. మధ్యలో రెండుసార్లు దివాలా అంచుకీ వెళ్లొచ్చింది. జనం మాత్రం వస్తూనే ఉన్నారు. ఎందుకొస్తున్నారో మొదటి రెండేళ్లూ నాకు అర్థం కాలేదు. నేనెందుకు వెళ్తున్నానో కూడా తెలీదు.

మొదటి మ్యాచ్‌కి పెద్ద ఆట ఎంచుకోకు. నవంబర్‌లో ఒక మంగళవారం రాత్రి, ఎవరూ పట్టించుకోని ప్రత్యర్థి వచ్చినప్పుడు వెళ్లు. కప్పు మ్యాచ్‌కో, చివరి రోజు ప్రమోషన్ మ్యాచ్‌కో వెళ్తే పండగ కనిపిస్తుంది, ఊరు కనిపించదు. మంగళవారం వచ్చినవాళ్లలో చాలామంది పని నుంచి నేరుగా వచ్చి, పొద్దున్నే మళ్లీ పనికి పోవాల్సినవాళ్లు. వాళ్ల పక్కన కూర్చో. రెండు జతల మేజోళ్లు వేసుకో, ఆ లోయలో గాలి కింది నుంచి కొడుతుంది. హాఫ్ టైమ్‌లో ‘పై’ (మాంసం కూరిన కజ్జికాయలాంటిది) తింటే గ్రేవీ చొక్కా మీద పడకుండా చూసుకో. నా మొదటి స్కార్ఫ్ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. ముదురు మెరూన్, పసుపు రంగులు కాబట్టి మీ అత్తయ్య పట్టుచీర అంచనుకుని దాన్ని జాగ్రత్తగా దాచింది!

శనివారం మూడింటి మ్యాచ్‌లకి ఇంకో సంగతి ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఫుట్‌బాల్ టీవీలో లైవ్ చూపించరు. 1960ల నాటి పద్ధతి. పెద్ద జట్లని టీవీలో చూస్తూ జనం ఇంట్లో కూర్చుంటే చిన్న క్లబ్బుల గేటు ఆదాయం పోతుందని పెట్టారు. ఆ వేళ గదిలో కూర్చున్నా నీకు దొరికేది స్కోరే.

సీజన్ టికెట్, అంటే సీజన్ అంతా సొంత గ్రౌండ్ లీగ్ మ్యాచ్‌లకి ఒకే టికెట్, వెంటనే కొనకు. మొదట విడి టికెట్లతో ఒక్కో స్టాండ్‌లో కూర్చుని చూడు. లీగ్‌లో సొంత గ్రౌండ్ మ్యాచ్‌లు 23 ఉంటాయి. వారానికి 20 గంటల పార్ట్‌టైమ్, అందులో శనివారం షిఫ్టులు, పైన అసైన్‌మెంట్లు. ఎన్నింటికి వెళ్లగలవో నిజాయితీగా లెక్కేసుకో. 2015–16 సీజన్‌కి పెద్దవాళ్ల సీజన్ టికెట్ 149 పౌండ్లే పెట్టారు, అంటే ఆటకి ఆరున్నర పౌండ్లు. ఖాళీ కుర్చీ కన్నా చౌక టికెట్ మేలని క్లబ్ లెక్క. నా మటుకు నాకు అది ఆ క్లబ్ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

ఒక్కసారి కొన్నాక మాత్రం సీటు మార్చకు. అదే వరుస, అదే కుర్చీ. నా పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్లాస్కులో టీ, జేబులో చిన్న నోటు పుస్తకం. సెకండాఫ్‌లో మైకులో హాజరు సంఖ్య చెప్పగానే రాసుకునేవాడు. తర్వాత నాలుగు వైపులా తిరిగి చూసి, పక్కనే ఇంకో అంకె వేసేవాడు. ఆ రెండో అంకె ఎప్పుడూ తక్కువే. ఏంటండీ ఇది అని మూడు నెలల తర్వాత ధైర్యం చేసి అడిగాను. క్లబ్ చెప్పేది అమ్మిన టికెట్ల లెక్కట. సీజన్ టికెట్ ఉన్నవాడు ఇంట్లో పడుకున్నా అందులో ఉంటాడు. ఈయన రాసుకునేది నిజంగా వచ్చినవాళ్ల అంచనా. రెండింటి మధ్య తేడా పెరుగుతోందంటే పాయింట్ల పట్టిక చూడక్కర్లేదు అనేవాడు. “రానివాడూ డబ్బు కట్టాడు కదా, వాడూ మనవాడే” అని నేను వాదించేవాణ్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆ వాదన పదేళ్లు నడిచింది.

ఇంకోటి జాగ్రత్తగా విను. 1985 మే 11న అదే గ్రౌండ్‌లో, థర్డ్ డివిజన్ గెలిచిన సంబరం జరుగుతున్న రోజున, పాత చెక్క స్టాండ్ కింద పేరుకున్న చెత్తకి నిప్పంటుకుని 56 మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు ప్రత్యర్థి లింకన్ సిటీ అభిమానులు. నీ చుట్టూ కూర్చునే పెద్దవాళ్లలో ఆ రోజు అక్కడున్నవాళ్లు ఉంటారు. వాళ్లని తలుచుకుని మౌనం పాటించేటప్పుడు ఫోన్ తీయకు. వాళ్లంతట వాళ్లు చెబితే విను, నువ్వు మాత్రం అడగకు.

గ్రౌండ్ చుట్టూ మానింగ్‌హమ్ వీధుల్లో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలు చాలా ఎక్కువ. లోపల కుర్చీల్లో మాత్రం మన రంగువాళ్లు అంతమంది కనబడేవారు కాదు. బంగ్లా బాంటమ్స్ అని ఒక అభిమానుల బృందం వచ్చాక కొంత మారింది. నాకు ఒక్కసారి వెనక వరుస నుంచి ఒక మాట తగిలింది. నేను తల వంచుకుని ఊరుకున్నాను, నా పక్క సీటు పెద్దాయనే లేచివెళ్లి స్టూవార్డ్‌ని (గ్రౌండ్‌లో జనాన్ని చూసుకునే సిబ్బందిని) పట్టుకొచ్చాడు. నీకలా జరిగితే నాలా ఊరుకోకు. సీటు నంబర్ చూసుకుని స్టూవార్డ్‌కి చెప్పు.

బయటి ఊళ్ల మ్యాచ్‌లకి ఏడాదికి ఒకటైనా వెళ్లు. నేను వెళ్లిన ఆఖరిది 2018 బాక్సింగ్ డే, అంటే క్రిస్మస్ మర్నాడు, సండర్లాండ్‌లో. ఆ రోజు రైళ్లు ఉండవు, అభిమానుల బస్సే దిక్కు. మూడో డివిజన్ మ్యాచ్‌కి 46,039 మంది! అంత జనం మధ్య మాది మూలన ఒక ముక్క. 1–0తో ఓడిపోయాం. ఆ సీజన్ అట్టడుగున ముగించి మళ్లీ నాలుగో డివిజన్‌కి దిగాం. బస్సులో వెనక్కి వస్తూ ఎవరూ ఆట గురించి మాట్లాడలేదు, ఆ జనం గురించే. ఓడినందుకు కాదు, ఇంకో ఊరివాళ్లు మనకన్నా మొండివాళ్లని తెలిసినందుకు కొంచెం అసూయ.

మంచిరోజులు ఉండవనుకోకు. నాలుగో డివిజన్‌లో ఉండగానే ప్రీమియర్ లీగ్ జట్లు విగన్‌ని, ఆర్సెనల్‌ని, ఆస్టన్ విల్లాని దాటి 2013 లీగ్ కప్ ఫైనల్‌కి వెళ్లాం. వెంబ్లీ స్టేడియంలో స్వాన్సీ చేతిలో 5–0తో ఓడాం. ఐదో గోల్ తర్వాత కూడా మా వైపు జెండాలు దిగలేదు. 2015లో చెల్సీ గడ్డమీద 2–0 వెనకబడి 4–2తో గెలిచాం. 2025 మే 3న ఫ్లీట్‌వుడ్ మీద 96వ నిమిషంలో గోల్ కొట్టి లీగ్ వన్‌కి, అంటే మూడో డివిజన్‌కి ఎక్కితే, ఇక్కడ భీమవరంలో నేనేసిన కేకకి పక్కింటివాళ్లు లేచి వచ్చారు. వాటికోసమే వెళ్తే మాత్రం మధ్యలో ఏళ్లకేళ్లు నీకు బోరు కొడుతుంది. నీకు ఏది నచ్చుతుందో నేను చెప్పలేను.

పక్క ఊరి ప్రత్యర్థి లీడ్స్ జట్టు చొక్కా ఏ ఫ్రెండ్ ఇచ్చినా అటు వేసుకెళ్లకు. మీ అమ్మకి ఖర్చు సంగతి నేను చెబుతాను, నువ్వు చెప్పకు.

మొదటి మ్యాచ్ అయిన రాత్రే నాకు రెండు అంకెలు పంపు. మైకులో చెప్పింది ఒకటి, నీ కంటికి కనిపించింది ఒకటి.

మీ మావయ్య