గన్ కొనే ముందు

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

గ్రీన్ కార్డు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ వెనకే నీ మెసేజ్: "మావయ్యా, ఏ గన్ కొనమంటావు?" కార్డు రాగానే అందరూ ఇల్లు చూసుకుంటారు, నువ్వేంట్రా! అయినా నీ భయం నాకు తెలియంది కాదు. 2023 మేలో మన టెక్సస్‌లోనే ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చేశారు. వాళ్ళలో మన తెలుగమ్మాయి ఉందని తెలిసిన రోజు మా ఇంట్లోనూ ఎవరికీ నిద్ర పట్టలేదు.

కొనొద్దని చెప్పను. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్టులు చేసిన రోజుల నుంచి పదిహేనేళ్ళు నేనూ నడుముకు పెట్టుకు తిరిగినవాణ్ణే. కాకపోతే ఏ కంపెనీది కొనాలన్నది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా దాన్ని ఎక్కడ పెడతావో ముందు ఆలోచించు.

తాతయ్య డబుల్ బ్యారెల్ గుర్తుందా? ఎలక్షన్లు వస్తే దాన్ని పాత దుప్పట్లో చుట్టి స్టేషన్‌లో అప్పజెప్పి వచ్చేవాడు. అక్కడ లైసెన్సు ఎందుకు కావాలో అధికారిని మనమే ఒప్పించాలి. న్యూయార్క్‌లోనూ వందేళ్ళకు పైగా ఇంచుమించు అదే పద్ధతి నడిచింది. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో దాన్ని కొట్టేసింది. ఆత్మరక్షణకు గన్ వెంట ఉంచుకోవడం హక్కు, దానికి ప్రత్యేక కారణం చూపమనకూడదని చెప్పింది. మన టెక్సస్ అప్పటికే ఇంకో అడుగు ముందుంది. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించనివాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకు తిరగొచ్చు. అప్పట్లో వద్దన్నవాళ్ళలో పోలీసు అధికారులూ ఉన్నారు.

ఇక్కడివాళ్ళకు ఇంత పట్టుదల ఎందుకని మనకి వింతగా ఉంటుంది. 1991లో టెక్సస్‌లోనే కిలీన్ ఊళ్ళో లూబీస్ కెఫెటీరియాలో ఒకడు 23 మందిని చంపాడు. చనిపోయినవాళ్ళలో, అప్పుడు అక్కడే ఉన్న సుజానా హప్ అనే ఆవిడ తల్లీ తండ్రీ ఉన్నారు. ఆమె రివాల్వర్ మాత్రం బయట కారులో ఉంది. అప్పటి చట్టం ఒప్పుకోదు గనక వదిలేసి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె శాసనసభ కమిటీల ముందు ఆ సంగతే చెప్పింది. చివరికి 1995లో జార్జ్ డబ్ల్యూ. బుష్ ఇక్కడ గవర్నర్‌గా ఉండగా, లైసెన్సు తీసుకుని గన్ వెంట ఉంచుకోనిచ్చే చట్టం వచ్చింది. ఆమె బాధ విన్నాక ఎదురు వాదించడానికి నాకు నోరు రాదు.

కానీ నా గన్ కూడా ఒకసారి కారులోనే ఉండిపోయింది. ఒక క్లినిక్ తలుపు మీద 30.06 బోర్డు ఉంది. అంగుళం ఎత్తు అక్షరాలు, ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. అది కనిపిస్తే గన్‌తో లోపలికి వెళ్ళకూడదు. వెనక్కొచ్చి గ్లవ్ బాక్స్‌లో పెట్టి వెళ్ళాను. నలభై నిమిషాల తర్వాత వచ్చేసరికి సీటు నిండా గాజు ముక్కలు. అత్తయ్య కళ్ళజోడు ఉంది, నా లంచ్ బ్యాగ్ ఉంది, గన్ ఒక్కటే లేదు. పోలీసాయన సీరియల్ నంబరు అడిగితే బిక్కమొహం వేశాను. ఎక్కడా రాసి పెట్టుకోలేదు మరి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు టీవీలో కాల్పుల వార్త వస్తే చాలు, కడుపులో దేవినట్టుండేది. ఎవడి చేతిలో ఉందో అది! (అద్దం రాయి తగిలి పగిలిందని అత్తయ్యకు చెప్పాను. నువ్వూ అదే చెప్పు.)

అందుకని ఒక పని చెయ్యి. వారం రోజులు ఖాళీ హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) నడుముకు కట్టుకుని తిరుగు. గన్ ఉంటే ఎక్కడెక్కడ తీసి కారులో పెట్టాల్సి వచ్చేదో ఫోన్‌లో రాసుకో. ఆఫీసు, పాప స్కూలు, 51 శాతం బోర్డు (రాబడిలో సగానికి పైగా మద్యం మీదేనని చెప్పేది) ఉన్న బారు... లిస్టు చూశాక కూడా కావాలనిపిస్తే, కొనబోయే గన్ కంటే ముందు సీటు కింద కేబుల్‌తో బిగించే ఇనుప పెట్టె కొను.

లైసెన్సు అక్కర్లేదు కదా అనుకోకు, తీసుకో. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి 50 తూటాలు కాల్చి చూపించే పరీక్ష. స్కూలుకు వెయ్యి అడుగుల లోపు గన్‌తో వెళ్ళడం మీద ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు. పాపని రోజూ దింపేవాడివి, అది నీకు కావాలి. కాలిఫోర్నియాలో మాత్రం మన లైసెన్సు చెల్లదు.

పోలీసు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఉంచు, లైసెన్సు సంగతి నెమ్మదిగా చెప్పు, అడిగేదాకా దేనికీ చెయ్యి చాచకు. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టీల్‌కి పర్మిట్ ఉంది, తన దగ్గర గన్ ఉందని మర్యాదగానే చెప్పాడు. అయినా కాల్చారు. ఆ పోలీసును జ్యూరీ నిర్దోషి అంది. హక్కు కాగితం మీద అందరికీ ఒకటే, చిన్నా. కారు అద్దంలోంచి చూసేవాడికి ముందు మన రంగే కనిపిస్తుంది.

మీ తమ్ముడు హెచ్-1బీ మీదున్నాడు కదా, వాడి చేతికి సరదాకి కూడా ఇవ్వకు. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు లేకపోతే ఆ వీసావాళ్ళ దగ్గర గన్ గానీ ఒక్క బుల్లెట్ గానీ ఉండటం ఫెడరల్ నేరం. జైలు మాట అటుంచు, దేశంలోంచి పంపించేస్తారు.

ఇక అసలు సంగతి. కోపం తెచ్చుకోకు. నువ్వు మాల్‌ని తలుచుకుని భయపడుతున్నావు. 2021లో అమెరికాలో గన్లతో పోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది తమని తాము కాల్చుకున్నవాళ్ళే. పోయినేడాది లేఆఫ్ అయినప్పుడు మూడు వారాలు నువ్వు ఫోన్ ఎత్తలేదు. మీ అమ్మ అక్కడ, నేను ఇక్కడ ఎంత టెన్షన్ పడ్డామో నీకు తెలియదు. అలాంటి రోజులు మళ్ళీ వస్తే, గన్ తెచ్చి మా ఇంట్లో సేఫ్‌లో పెట్టేసి వెళ్ళు. అర్ధరాత్రి వచ్చినా ఎందుకని అడగను. పై అర ఇప్పుడే ఖాళీ చేశాను.

ఇట్లు,
మావయ్య