అండమాన్ వెళ్తే ఏం కొనాలి: నా సమాధానం

అండమాన్ నుంచి ఇంటికీ, చుట్టాలకూ ఏం తెచ్చుకుంటే బాగుంటుందని మీరు అడిగారు. మా అక్కయ్యవాళ్లు అక్కడే స్థిరపడటం వల్ల ఆ దీవులకు తరచు వెళ్లివస్తుంటాను. గవ్వలు, శంఖాల కోసం ఎగబడవద్దని, అక్కడి నేలలో పండినవి కొనమని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

ఒకసారి శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో ఒక దుకాణదారు అరచేతి నిండా పట్టే టర్బో అనే సముద్రపు నత్త గుల్లను నా చేతిలో పెట్టారు. ముదురు ఆకుపచ్చగా ఉండే దాని పైపొరను ఆమ్లంతో తొలగించి సానపట్టడంతో, ఎటు తిప్పినా ముత్యపు కాంతి గులాబీగా, నీలంగా మారుతూ కనిపించింది. అందమైన వస్తువే. కానీ బిల్లు ఇమ్మనగానే ఆయన గొంతు తగ్గించి, మన శ్రీకాకుళం యాసలోనే, "బట్టల మధ్యన పెట్టీసుకోండమ్మా, ఎవలూ సూడరు" అన్నారు. నేను దానిని అక్కడే ఉంచి వచ్చేశాను. టర్బో, అలాంటిదే అయిన ట్రోకస్ నత్త గుల్లలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. పగడాలకైతే రక్షణ మరింత కఠినం. ఒడ్డున దొరికిన ముక్కే కదా అని పిల్లల సంచిలో వేసుకున్నా విమానాశ్రయంలో తీయించేస్తారు. గుల్లలతో చేసిన వస్తువు కావాలనే పట్టుదల ఉంటే, ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొని, బిల్లు జాగ్రత్తగా దగ్గర ఉంచుకోండి.

టాక్సీ డ్రైవర్లు తీసుకెళ్లే దుకాణాల సంగతి కూడా చెప్పాలి. అక్కడ కనిపించే తాళపుగుత్తులు, ప్లాస్టిక్ ముత్యాల దండలు ఏ తీర్థక్షేత్రంలోనైనా దొరికే సరుకే. దీవులకూ వాటికీ సంబంధం లేదు. అంతకన్నా పడౌక్ కర్రతో చేసిన చిన్న గిన్నె ఎంతో మేలు. మన శేషాచలం ఎర్రచందనానికి దగ్గరి బంధువైన ఆ చెట్టు కర్రలో ఎర్రని చారలు స్పష్టంగా కనిపిస్తాయి.

చేపలను మాత్రం ఇంటికి మోసుకురావాలని చూడకండి, అక్కడే తినండి. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి; తెలుగులో అడిగితే ఆ పూట వచ్చిన చేప ఏదో, దానిని పులుసు పెట్టాలో వేయించాలో కూడా చెబుతారు.

ఇంటికి తెచ్చుకోవలసినవి మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ. అవి దీవుల్లోని కొబ్బరి, పోక తోటల్లో అంతరపంటలుగా పండుతాయి. లవంగాన్ని గోటితో నొక్కితే నూనె చెమ్మ కనిపించాలి, తలపైనున్న మొగ్గ రాలిపోయి ఉండకూడదు. జాజికాయను పెంకుతోనే కొనండి. చెవి దగ్గర ఊపినప్పుడు లోపల గింజ గలగలలాడితే బాగా ఆరినట్టు లెక్క.