నీళ్ల మీద వేసే బొమ్మ కోసం ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పోయినేడాది బెంగళూరు ఎగ్జిబిషన్‌లో ఒకావిడ ట్రేలో నీళ్ల మీద రంగులు చల్లి, సన్నటి సూదితో లాగి తులిప్ పువ్వు చేసి, దాన్నలాగే కాగితం మీదికి తీసింది. టర్కీ కళ, ఎబ్రు అంటారని చెప్పింది. అప్పట్నుంచి నాకు వేరే ధ్యాస లేదు, నేను చేయాల్సిన పని ఇదేననిపిస్తోంది. ఇంట్లోవాళ్లేమో మన కళలు లేవా, ఎక్కడిదో నీకెందుకంటున్నారు. రంగుల్లో ఎద్దు పిత్తం కలుపుతారని తెలిసి అమ్మ అసలు ముట్టుకోవద్దంటోంది. ఉద్యోగం మానేసి నేర్చుకోమంటారా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానేయకండమ్మా, కానీ ఈ ఇష్టాన్ని మాత్రం ఎవరో ఏదో అన్నారని వదులుకోవద్దు.

ఎక్కడిదో కళ అన్నారు కదా, 17వ శతాబ్దంలో బిజాపూర్ చిత్రకారులు ఇలా నీళ్ల మీద తేలే రంగులతోనే బొమ్మలు చేశారు, బక్కచిక్కిన గుర్రం మీద వెళ్లే ఫకీరు బొమ్మ వాటిలో బాగా పేరున్నది. కర్నూలు కూడా అప్పట్లో బిజాపూర్ ఏలుబడిలో ఉన్న ఊరే, అక్కడి సుల్తానుల తరఫున ఇక్కడ పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, మీ గోల్ గుమ్మజ్, హంద్రీ ఒడ్డునే ఉంది. ఎబ్రు టర్కీదే, 2014లో యునెస్కో జాబితాలో చేరింది కూడా ఆ దేశం పేరు మీదే. అయినా దక్కన్‌కు ఇది కొత్త కాదని ఇంట్లో ధైర్యంగా చెప్పండి.

అమ్మతో గొడవ పెట్టుకోవద్దు. రంగు నీళ్లలో మునిగిపోకుండా పైన పరుచుకోవడానికి పిత్తం వేస్తారు, తక్కువైతే చుక్క కిందికి దిగిపోతుంది, ఎక్కువైతే పక్క రంగుల్ని తోసేసుకుంటూ పోతుంది. జంతువుతో పనిలేని కృత్రిమ పిత్తం కూడా తయారుచేసి అమ్ముతున్నారు, దాంతో మొదలుపెట్టండి. నీళ్లు చిక్కబడటానికి టర్కీవాళ్లు వాడే కిత్రె అనే బంక కోసం గోంద్ కతీరా అని అడిగితే మన అంగళ్లలో దానికి బదులు కొండగోగు బంకో తపసి బంకో ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, సముద్రపు నాచు నుంచి తీసే క్యారగీనన్ పొడి తెప్పించుకోవడం మేలు.

ఇక అసలు విషయం. మీ మనసు లాగిన పువ్వు ఎబ్రులో కొత్తగా వచ్చింది, పువ్వుల్ని ఇంత స్పష్టమైన రూపానికి తెచ్చింది 20వ శతాబ్దంలో నెజ్మెద్దీన్ ఓక్యాయ్ అనే టర్కీ కళాకారుడు. పాత పునాది బత్తాల్ అనే పద్ధతి. గులాబీ కొమ్మకు గుర్రపు వెంట్రుకలు కట్టిన కుంచెను చూపుడువేలికి తట్టి రంగు చిలకరించడం, అంతే, సూదితో కదపడం ఉండదు. చూడ్డానికి సులువు, చేతికి రావడం కష్టం. కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా దించాలి, లోపల గాలి చిక్కితే అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది, తీసేటప్పుడు ట్రే అంచుకు ఒరిపిస్తూ లాగితే అదనపు బంకనీళ్లు జారిపోతాయి. ఆ తర్వాత పేపర్ ముక్కతో నీళ్ల పైభాగం తుడిచి మళ్లీ మొదలు. ఒకసారి వచ్చిన బొమ్మ అచ్చం అలాగే ఇంకోసారి రాదు. బంకనీళ్లు వడకట్టడం, రంగు నూరడం, ఈ బత్తాల్, ఇవి కూడా మీకు విసుగు పుట్టించకపోతే మీరు అనుకున్నది నిజమే, ఇది మీ పనే. పువ్వు దగ్గరే ఆగిపోతే సెలవురోజు సరదాగా చేసుకోండి, అందులోనూ తప్పేం లేదు.

కనీస పట్టు రావడానికే రెండేళ్లయినా పడుతుందంటారు, అదీ గురువు పక్కన కూర్చుని. స్కూలు సెలవులు కదా అని ఎండాకాలంలో మొదలుపెట్టకండి, కర్నూలు ఎండకు బంకనీళ్లు తొందరగా పాడైపోతాయి, ఫ్యాన్ వేస్తే దుమ్మొచ్చి పడుతుంది. చలికాలంలో, ఆదివారాలు చాలు. చేసిన ప్రతి కాగితం వెనక ఏ రంగులో ఎన్ని చుక్కల పిత్తం వేశారో రాసి పెట్టుకోండి, లెక్కల టీచరు కదా, అది మీకు బాగా అలవాటైన పని. రెండేళ్ల తర్వాత బైండింగ్‌కో, పెళ్లిపత్రికలకో మీ కాగితం కావాలని అడిగేవాళ్లు ఉంటే మళ్లీ రాయండి, స్కూలు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.