సాయంత్రం ఐదింటి ఆకలికి ఏం తినాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. పదకొండింటికి టీతో బిస్కట్లు, సాయంత్రం ఐదింటికి మిక్చరో, ఆఫీసు కింద బండి మీద పునుగులో తింటాను. బరువు పెరుగుతున్నానని ఈమధ్య రాగి బిస్కట్లు, డైట్ మిక్చర్ కొంటున్నాను. పర్వాలేదా? అసలు మధ్యలో తినడమే మానేయాలా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ రాగి బిస్కట్ల ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఏ దినుసు బరువు ఎక్కువో అది ముందు రాయాలని రూలు, కాబట్టి మైదా, పంచదార, పామాయిల్ మొదట్లోనే ఉండి రాగి పిండి ఎక్కడో కింద కనిపిస్తే మీరు తింటున్నది మైదా బిస్కటే, రాగి బొమ్మకి ఎక్కువ డబ్బులిచ్చారంతే. డైట్ మిక్చర్‌లో నూనె కాస్త తగ్గినా ఉప్పు సంగతి కూడా చూడండి. పైగా డైటే కదా అని ఇంకో గుప్పెడు తినేస్తాం.

మానేయక్కర్లేదు. ఐదింటికి కడుపు మాడ్చుకుని రాత్రి తొమ్మిదింటికి రెండింతలు అన్నం తింటే ఏం లాభం? కానీ పదకొండింటి బిస్కట్లు ఆకలికా, టీకి తోడుకా? నిజంగా ఆకలే అయితే పొద్దున టిఫిన్ చాలట్లేదన్నమాట. ఒట్టి ఉప్మా బదులు పెసరట్టు వేసుకోండి, లేదా ఒక గుడ్డు తినండి.

సాయంత్రానికి నా ఓటు గుగ్గిళ్లకే. శ్రావణంలో వాయనాల శనగలు ఇంటికొస్తే తప్ప మనకి గుర్తురావు గానీ, శనగలో అలసందలో రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో ఉడికించి, చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే పనైపోతుంది. ప్రోటీన్, పీచు రెండూ ఉంటాయి కాబట్టి చాలాసేపు ఆకలేయదు. ఎండాకాలం మాత్రం ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే సాయంత్రానికి పాడైపోతాయి, అప్పుడు వేయించిన శనగలు పట్టుకెళ్లండి.

పల్లీలూ మంచివే, కానీ 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 570 దాకా కేలరీలుంటాయి, డబ్బా ముందేసుకుని కూర్చోకుండా ఒక చిన్న గుప్పెడు తీసుకుని మూత పెట్టేయండి. జామకాయ దొరికే రోజుల్లో ఇంకేం వెతకొద్దు, నారింజ కంటే అందులోనే విటమిన్ సి ఎక్కువ. ఉప్పూ కారం అద్దుకోవడం తగ్గిస్తే చాలు. పండ్ల రసం వద్దు, పండే తినండి. దాహంగా ఉంటే పల్చటి మజ్జిగ తాగండి.

పునుగులు మానేయమని బెజవాడ వాళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు. బండి మీద అదే నూనె మళ్లీ మళ్లీ కాగుతుంటుంది కాబట్టి, వారానికోసారి ఇంట్లో వేసుకోండి.